యూరోపా మంచు మీద పుట్టే ఆక్సిజన్ కింది సముద్రానికి చేరుతుందా?

అల్లూరు వనామి

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను, ఇప్పుడు వనామి రొయ్యల సాగు చేస్తున్నాను. కొన్నాళ్ళుగా ఒక సందేహం బుర్రలో తిరుగుతోంది. ఇక్కడ తెలిసినవాళ్ళు ఉన్నారని అడుగుతున్నాను.

గురుగ్రహం ఉపగ్రహం యూరోపా చుట్టూ పలచటి ఆక్సిజన్ పొర ఉందని 1995లోనే హబుల్ టెలిస్కోపుతో కనిపెట్టారు. జూనో వ్యోమనౌక 2022 సెప్టెంబరులో దాని పక్కగా వెళ్ళినప్పుడు తీసిన లెక్క 2024లో వచ్చింది. అక్కడి మంచులో సెకనుకు సుమారు 12 కిలోల ఆక్సిజన్ తయారవుతోందట. రోజుకు వెయ్యి టన్నుల పైమాటే. ఇదంతా పైన జరిగేది. సముద్రమేమో కిలోమీటర్ల మందం మంచు కింద ఉంది.

చెరువు చేసేవాడికి ఈ మాట వెంటనే తగులుతుంది. ఏరేటర్లు ఆగిపోతే పైన ఎంత గాలి ఉన్నా అడుగు నీటికి ఆక్సిజన్ అందదు. తెల్లవారుజామున డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, మూడుకు పడిందంటే ఇక టెన్షనే. అడుగున నల్లమట్టిలో హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కాలితో కదిపితే కుళ్ళిన గుడ్ల వాసన గుప్పున వస్తుంది. పైన ఆక్సిజన్, కింద సల్ఫైడ్, మధ్యలో కలిపే దారి ఉండదు. యూరోపాలో కూడా పరిస్థితి ఇదేనా? అక్కడ పైదాన్ని కిందికి దించేది ఏముంది?

టంగుటూరు తమ్ముడు

అన్నా, ముందు నాకొక డౌటు. చెట్లు లేనిచోట ఆక్సిజన్ ఎట్టా వచ్చింది? ఆక్సిజన్ ఉంటే జీవం ఉన్నట్టే కదా? నేను బీఎస్సీ రెండో సంవత్సరం. మా క్లాసులో అట్టానే చెప్పారు.

ఒంగోలు రసాయనం

నేను డిగ్రీ కాలేజీలో ఫిజికల్ కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాడిని. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

యూరోపా మీద ఆక్సిజన్ పుట్టడానికి మొక్కా అక్కర్లేదు, నాచూ అక్కర్లేదు. గురుడి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు, గంధకం అయాన్లు, ఆక్సిజన్ అయాన్లు విపరీతమైన వేగంతో వచ్చి ఆ మంచును రాత్రీ పగలూ బాదుతూనే ఉంటాయి. ఆ దెబ్బకు నీటి అణువు విరిగి హైడ్రోజన్ ఒకవైపు, హైడ్రాక్సిల్ ఒకవైపు పడతాయి. రెండు హైడ్రాక్సిల్ ముక్కలు పక్కపక్కన దొరికితే కలిసి హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. మరికొన్ని మెట్లు దాటితే ఆక్సిజన్ అణువు పుడుతుంది. హైడ్రోజన్ బాగా తేలిక, యూరోపా గురుత్వాకర్షణ దాన్ని పట్టి ఉంచలేదు, పారిపోతుంది. ఆక్సిజన్ బరువైంది, అంత తేలిగ్గా పోదు. పైగా అక్కడి చలికి కూడా అది గడ్డకట్టి నేలకు అంటుకోదు. అందుకే నీరు విరిగితే రెండూ పుట్టినా మిగిలేది ఆక్సిజనే.

ఇలా రేడియేషన్ తగిలి రసాయన చర్య జరగడాన్ని రేడియాలసిస్ అంటారు. శని ఉపగ్రహం రియా చుట్టూ కూడా ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కలిసిన పలచటి పొర ఉందని కసీని నౌక కొలతలతో 2010లో ప్రకటించారు. గురుడి ఇంకో ఉపగ్రహం గానిమీడ్ మీదా ఉంది. కాబట్టి టంగుటూరు అబ్బాయీ, మంచు ఉపగ్రహం మీద ఆక్సిజన్ కనబడితే అది జీవానికి ఆనవాలు కాదు. ముందు రేడియేషన్‌ను అనుమానించాలి. మన భూమి విషయం వేరు, ఇక్కడ గాలిలో ఐదో వంతు ఆక్సిజన్. యూరోపా మీద పీడనం మన పీడనంలో సుమారు లక్ష కోట్లలో ఒక వంతు.

అసలు చూడాల్సింది ఆ గాలిని కాదు, మంచులో నిలిచిపోయిన సరుకును. గెలీలియో నౌకలోని ఇన్‌ఫ్రారెడ్ పరికరం 1999లో యూరోపా మంచులో హైడ్రోజన్ పెరాక్సైడ్ గుర్తు పట్టింది. వంద నీటి అణువులకు 0.13 చొప్పున. తక్కువేనని తీసిపారేయొద్దు, ఒక ఉపగ్రహం ఉపరితలం మొత్తానికి లెక్క వేసుకోండి.

అల్లూరు వనామి

సార్, పెరాక్సైడ్ అంటే నాకు చప్పున వెలిగింది. మేము రాత్రిపూట డీఓ పడిపోతే చల్లే ఆక్సిజన్ పౌడర్ సోడియం పెర్‌కార్బొనేటే కదా. నీళ్ళలో పడగానే పెరాక్సైడ్ విడిపోయి, అందులోంచి ఆక్సిజన్ వస్తుంది. అంటే యూరోపా మంచు పైపొర అంతా ఆ పౌడర్ కలిపి గడ్డ కట్టించినట్టే.

ఒంగోలు రసాయనం

అవును, విరిగే తీరు అదే. ఉత్ప్రేరకం గానీ వేడి గానీ తగిలితే పెరాక్సైడ్ నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. యూరోపా మీద మధ్యరేఖ దగ్గర కూడా మైనస్ 160 డిగ్రీలు. ఆ చలికి విరగకుండా చాలాకాలం ఉండిపోతుంది. ద్రవరూపంలో నీరు తగిలినప్పుడే అసలు పని మొదలవుతుంది.

కొత్తపట్నం

నేను ఒక మాట అడగాలి. ఎలక్ట్రాన్లు మంచులోకి ఎంత లోతు పోతాయి? నాకు తెలిసినంతలో సెంటీమీటర్లే. ఉల్కలు పడి తిరగదోడినా మీటరు అటూ ఇటూ. మంచు మందం 15 నుంచి 25 కిలోమీటర్లు అంటున్నారు. ఇంత పలచటి పైపొరలో ఉన్న సరుకు అంత లోతుకు దిగుతుందంటే ఊరికే నమ్మలేను. రోజుకు వెయ్యి టన్నులు అంటే వినడానికి గొప్పగా ఉంది. కానీ జూనోకు ముందు వేసిన అంచనాలు సెకనుకు కొన్ని కిలోల దగ్గర్నుంచి వెయ్యి కిలోల పైదాకా ఉండేవి. 12 అంటే ఆ వరుసలో అడుగున ఉన్నట్టు. సముద్రానికి అందే పోషణ కూడా ఆ మేరకు తగ్గినట్టే కదా.

పినాకిని

కొత్తపట్నం గారు అడిగింది న్యాయమైన ప్రశ్న. జూనో లెక్క వచ్చాక చాలామంది శాస్త్రవేత్తలు ఆ మాటే అన్నారు. నేను నెల్లూరులో హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను, ఈ విషయం మీద ఇష్టంతో చదివింది రాస్తున్నాను.

దిగే దారి ఉండొచ్చని చెప్పడానికి మూడు సంగతులు ఉన్నాయి. యూరోపా ఉపరితలం వయసు 4 కోట్ల నుంచి 9 కోట్ల సంవత్సరాలే. సౌరకుటుంబం వయసు 450 కోట్ల పైన. అంటే పాత నేల ఏదో ఒక విధంగా మాయమై కొత్తది వస్తోంది, మంచు కదలకుండా కూర్చోలేదు. ఇక కేయాస్ నేలలు అని ఉన్నాయి. మంచు పలకలు విరిగి, జరిగి, పక్కకు ఒరిగి మళ్ళీ గడ్డకట్టిన ప్రాంతాలు. ఉపరితలంలో దాదాపు నాలుగో వంతు అలాంటిదే. వాటి కింద తక్కువ లోతులోనే ఉప్పునీరు చేరి ఉంటుందన్నది ఒక బలమైన వివరణ.

మూడోది ఉప్పు. ఇసకపల్లి ఉప్పు కొటార్లలో తీసే సోడియం క్లోరైడే యూరోపా మీద టారా రీజియో అనే చోట ఉందని 2019లో హబుల్ చూపించింది. అక్కడ ఆ ప్రాంతం పసుపు రంగులో కనబడుతుంది. తెల్లటి ఉప్పును ల్యాబులో అక్కడి చలిలో ఉంచి ఎలక్ట్రాన్లతో కొడితే పసుపు, గోధుమ రంగుకు మారుతుంది. స్ఫటికంలో క్లోరైడ్ ఖాళీ చేసిన చోట ఎలక్ట్రాన్ ఇరుక్కుని కాంతిని మింగడం వల్ల వచ్చే రంగు అది. ఉప్పు ఉంటే నీరు సున్నా డిగ్రీల కన్నా చాలా కిందికి పోయినా ద్రవంగా ఉంటుంది. మంచు రేణువుల మధ్య సందుల్లోంచి ఆ ఉప్పునీరు కిందికి జారుతుంది. నీటి కన్నా మంచు తేలిక, ఉప్పునీరు బరువు, కాబట్టి దిగడానికి ఎవరూ తొయ్యక్కర్లేదు. 2022లో టెక్సస్ యూనివర్సిటీ పరిశోధకులు కంప్యూటర్ మోడల్‌తో లెక్కవేసి, కేయాస్ నేలల్లో ఇలా జారే ఉప్పునీరు పైన దొరికిన ఆక్సిజన్‌లో ఎక్కువ భాగాన్ని సుమారు 20 వేల సంవత్సరాల్లో సముద్రానికి చేర్చగలదని చెప్పారు.

మోడల్ మోడలే, నేను కాదనను. కానీ ఆక్సిజన్ దిగే దారి లేదు అనడానికి ఇప్పుడు కారణం లేదు.

కొత్తపట్నం

మేడం, దారి ఉండొచ్చు. అది తెరుచుకుని ఉందా, ఎంత తరచుగా తెరుచుకుంటుంది అన్నదే నా పట్టు. 20 వేల సంవత్సరాలు అనేది ఒకసారి కరిగి జారితే పట్టే కాలం. ఆ కరగడం పది లక్షల సంవత్సరాలకు ఒకసారి జరిగితే?

పినాకిని

నిజమే, అది ఇంకా తేలలేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. కింది నుంచి పైకి సరుకు వస్తోందనడానికి మంచి ఆధారం దొరికింది. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు అదే టారా రీజియోలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉందని చూసింది. యూరోపా ఉపరితలం మీద కార్బన్ డయాక్సైడ్ ఎల్లకాలం నిలవదు. కాబట్టి ఈమధ్యనే, అంటే భూగర్భ కాలమానంలో ఈమధ్యనే, లోపలి కార్బన్ పైకి వచ్చి ఉండాలి. ఉప్పు ఉన్నచోటే కార్బన్ కూడా దొరకడం నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది.

కావలి చుక్కలు

ఇంతసేపూ చదువుతూ ఉన్నా. నాది చిన్న టెలిస్కోపు, మేడ మీద పెట్టి చూస్తుంటాను. యూరోపా మంచు మీద ఒక చిత్రం ఉంది, ఎవరూ ఎత్తలేదు. గంధకం.

యూరోపా వెనకవైపు అర్ధగోళంలో సల్ఫ్యూరిక్ ఆమ్లం, నీటితో కలిసి గడ్డకట్టిన రూపంలో ఉందని గెలీలియో చూపించింది. ఆ గంధకంలో ఎక్కువ భాగం యూరోపాది కాదు. పక్కనున్న ఉపగ్రహం అయో అగ్నిపర్వతాల నుంచి వచ్చింది. అయో నుంచి సెకనుకు సుమారు ఒక టన్ను పదార్థం అంతరిక్షంలోకి పోయి అయాన్లుగా మారుతుంది. గురుడి అయస్కాంత క్షేత్రం వాటిని తనతోపాటు గిర్రున తిప్పుతుంది. యూరోపా తన కక్ష్యలో పోయే వేగం కన్నా ఈ ప్రవాహం వేగం ఎక్కువ, అందుకే వెనక నుంచి వచ్చి తగులుతుంది. వెనకవైపే ఆమ్లం ఎక్కువ ఉండటానికి కారణం అదే.

అయో గాలి కథ ఇంకా బాగుంటుంది. దాని వాతావరణం సల్ఫర్ డయాక్సైడ్. అయో గురుడి నీడలోకి వెళ్ళగానే మైనస్ 148 దగ్గర ఉన్న నేల మైనస్ 168కి పడిపోతుంది. ఆ చలికి గాలిలో చాలా భాగం మంచుగా నేల మీద రాలిపోతుంది. నీడలోంచి బయటికి రాగానే మళ్ళీ ఆవిరై లేస్తుంది. హవాయిలోని జెమినై టెలిస్కోపుతో కొలిచి 2016లో ఈ సంగతి ప్రకటించారు. అయో గురుడి చుట్టూ తిరగడానికి పట్టేది సుమారు 42 గంటల 30 నిమిషాలు, ప్రతి చుట్టుకూ ఈ నీడ తప్పదు. నీడలో రెండు గంటల పైన ఉంటుంది.

ఇది చిన్న టెలిస్కోపులో కూడా దొరుకుతుంది. గ్రహణం టైము ముందే తెలుసుకుని చూస్తూ కూర్చుంటే, గురుడి పక్కన చుక్కలా మెరిసే అయో కొన్ని నిమిషాల్లో మసకబారుతూ ఆరిపోతుంది. సరిగ్గా ఆ నిమిషాల్లోనే అక్కడ గాలి మంచై రాలుతోందని తెలిసి చూడటం వేరు. మా ఇంటి మేడ మీద నుంచి నేను చూసిన వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

టంగుటూరు తమ్ముడు

అన్నా ఇది సూపర్. నేనూ చూస్తా. మా ఫ్రెండు దగ్గర టెలిస్కోపు ఉంది.

మోడరేటర్

ఒక చిన్న మనవి. "యూరోపాలో చేపలు దొరికాయి" అంటూ వచ్చిన వీడియో లింకులు రెండు తీసేశాను. అక్కడికి ఇంతవరకు ఏ నౌకా దిగలేదు, లోపల ఏముందో ఎవరూ చూడలేదు. చర్చ బాగా నడుస్తోంది, ఇలాగే సాగనివ్వండి.

ఒంగోలు రసాయనం

అల్లూరు బాబు ప్రశ్నలో రెండో సగం మిగిలిపోయింది. పైన ఆక్సిజన్ సరే, అడుగున ఏముంది?

జీవానికి బలం వచ్చేది ఎలక్ట్రాన్లు ఇచ్చేదానికీ పుచ్చుకునేదానికీ మధ్య ఉన్న తేడా నుంచి. ఆక్సిజన్, పెరాక్సైడ్, సల్ఫేట్ పుచ్చుకునేవి. హైడ్రోజన్, సల్ఫైడ్, మీథేన్ ఇచ్చేవి. ఇచ్చే సరుకు సముద్రం అడుగున రాతి నుంచి రావాలి. ఇనుము ఉన్న ఆలివిన్ రాయిలోకి వేడినీరు దూరితే ఇనుము ఆక్సీకరణ చెంది హైడ్రోజన్ వదులుతుంది. సర్పెంటినైజేషన్ అంటారు. భూమి మీద సముద్రాల అడుగున ఇది జరుగుతోంది. యూరోపాలో జరుగుతోందని ఊహే గానీ ఎవరూ కొలవలేదు. ఎన్సెలాడస్‌లో మాత్రం కొలిచారు.

శని ఉపగ్రహం ఎన్సెలాడస్ అడ్డంగా కొలిస్తే 504 కిలోమీటర్లే. దక్షిణ ధ్రువం దగ్గర నాలుగు పొడవాటి పగుళ్ళు ఉన్నాయి. వాటిలోంచి నీటి ఆవిరి, మంచు రేణువులు అంతరిక్షంలోకి చిమ్ముతుంటాయి. 2005లో కసీని దాన్ని కనిపెట్టింది. 2015 అక్టోబరు 28న కసీని ఆ చిమ్మే ఆవిరిలోంచే, ఉపరితలానికి 49 కిలోమీటర్ల ఎత్తులో దూసుకుపోయింది. మాస్ స్పెక్ట్రోమీటరుతో కొలిస్తే హైడ్రోజన్ 0.4 నుంచి 1.4 శాతం ఉంది. కార్బన్ డయాక్సైడ్, మీథేన్, అమోనియా కూడా ఉన్నాయి. అంతకుముందే సిలికా సూక్ష్మ రేణువులు దొరికాయి. అవి ఏర్పడాలంటే లోపల ఎక్కడో నీరు 90 డిగ్రీలు దాటి కాగాలి. 2023లో మంచు రేణువుల్లో సోడియం ఫాస్ఫేట్లు ఉన్నాయని తేలింది. ఫాస్ఫరస్ గాఢత మన సముద్రాల కన్నా కనీసం వంద రెట్లు ఎక్కువట. డీఎన్‌ఏకి వెన్నెముకే ఫాస్ఫేటు కదా.

నలభై ఏళ్ళ కిందట ఇవన్నీ మాకు పాఠాల్లో లేవు. ఒక చిన్న మంచు ఉండ లోపలి నీటి పీహెచ్ ఎంతో, అది క్షారమని, ఇంత దూరం నుంచి చెప్పగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అల్లూరు వనామి

సార్, హైడ్రోజన్ మిగిలి ఉందన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మేము మేత వేశాక చెక్ ట్రే, అంటే కాస్త మేతతో నీళ్ళలో ఉంచే పళ్ళెం, తీసి చూస్తాం. రెండు గంటలకు మేత అట్టానే ఉందంటే రొయ్య తినడం లేదని అర్థం. జబ్బో, నీరు తేడానో, లేదా చెరువులో రొయ్యే తక్కువ ఉందో. ఎన్సెలాడస్‌లో హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ రెండూ పుష్కలంగా ఉన్నాయంటున్నారు. ఆ రెండూ కలిపి మీథేన్ చేసుకుని బతికే సూక్ష్మజీవులు మా చెరువు అడుగు మట్టిలోనే ఉంటాయి. అక్కడ అట్టాంటివి ఉంటే హైడ్రోజన్ అంత మిగలకూడదు కదా? మేత మిగిలిందంటే తినేవాళ్ళు లేరనేగా?

పినాకిని

ఈ వాదన శాస్త్రవేత్తల్లో నిజంగానే ఉంది. చెరువు అనుభవంతో మీరు దాని దగ్గరికి నేరుగా రావడం నాకు చాలా సంతోషంగా ఉంది.

ఎదురు వాదనలు కూడా చెబుతాను. హైడ్రోజన్ పుట్టే వేగం తినే వేగం కన్నా ఎక్కువైతే తినేవాళ్ళు ఉన్నా మిగులుతుంది. సముద్రం అంతటా కాకుండా వేడి ఊటల దగ్గర మాత్రమే బతకగలిగితే, వాటిని దాటి వచ్చిన హైడ్రోజన్ అలాగే బయటికి పోతుంది. ఫాస్ఫరస్ కొరత వల్ల తినేవాళ్ళు పెరగలేకపోతున్నారేమో అని 2023కి ముందు అనేవాళ్ళు, ఇప్పుడు ఆ మాట అనడానికి లేదు. ఇటు 2021లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, వేడి ఊటల్లో మనకు తెలిసిన రాతి రసాయనంతో మాత్రమే లెక్కిస్తే కసీని కొలిచినంత మీథేన్ రాదు. అయితే పుట్టుకనుంచే లోపల నిలిచిన మీథేన్ ఉండొచ్చు, తెలియని చర్య ఏదైనా ఉండొచ్చు. జీవమే అని వాళ్ళూ అనలేదు.

కొత్తపట్నం

నేను అల్లూరు అన్న వైపే. మిగిలిన హైడ్రోజనే నాకు పెద్ద సాక్ష్యం. అంత శక్తి వృథాగా అంతరిక్షంలోకి చిమ్ముకుపోతుంటే, కోట్ల సంవత్సరాల్లో ఏ జీవీ దాన్ని అందుకోలేదంటే అక్కడ ఎవరూ లేరనే నా అభిప్రాయం. యూరోపా విషయం వేరు. అక్కడ మనం ఇంకా ట్రే పైకి తీయలేదు.

టంగుటూరు తమ్ముడు

సార్, మేడం, టైటాన్ సంగతేంటి? గాలి దట్టంగా ఉండేది అక్కడే కదా. మీథేన్ వాన కూడా పడుతుందంటారు. జీవానికి అదే బెస్ట్ కాదా?

ఒంగోలు రసాయనం

టైటాన్ నాకు ఇష్టమైన పాఠం, సంక్షిప్తంగా చెప్పలేను.

శని ఉపగ్రహాల్లో పెద్దది, 1655లో హైగెన్స్ కనిపెట్టాడు. దానికి వాతావరణం ఉందని 1944లో కైపర్ మీథేన్ గుర్తుపట్టి తేల్చాడు. నేల దగ్గర పీడనం మనకన్నా ఒకటిన్నర రెట్లు, ఉష్ణోగ్రత మైనస్ 179. గాలిలో నైట్రోజన్ సుమారు 95 శాతం, మిగతాది దాదాపు మీథేన్. మీథేన్ గడ్డకట్టేది మైనస్ 182, మరిగేది మైనస్ 161. ఈ రెంటి మధ్యలో ఉండబట్టే అక్కడ మీథేన్ ఆవిరై, మబ్బై, వానై, సరస్సై తిరుగుతోంది. ఉత్తర ధ్రువం దగ్గరి క్రాకెన్ మేర్ సుమారు 4 లక్షల చదరపు కిలోమీటర్లు.

వెయ్యి కిలోమీటర్ల ఎత్తులో సూర్యుడి అతినీలలోహిత కాంతి, శని చుట్టూ ఉండే కణాలు మీథేన్‌ను, నైట్రోజన్‌ను విరుస్తాయి. ముక్కలు కలిసి ఈథేన్, ఎసిటలీన్, హైడ్రోజన్ సయనైడ్, బెంజీన్ అవుతాయి. అవి ఇంకా ఇంకా అతుక్కుని బరువైన గోధుమ, నారింజ రంగు రేణువులవుతాయి. 1980 నవంబరులో వాయేజర్ 1 వెళ్ళినప్పుడు నేల కనబడకుండా అడ్డుపడింది ఆ పొగమంచే. ఇలాంటి పదార్థాన్ని ల్యాబులో తయారుచేసి 1979లో థోలిన్ అని పేరు పెట్టింది కార్ల్ సేగన్, మన దేశంలో పుట్టిన బిషున్ ఖరే.

ఇక్కడే ఒక చిక్కు. ఈ వేగంతో విరిగితే ఉన్న మీథేన్ కొన్ని కోట్ల సంవత్సరాల్లో అయిపోవాలి. విరిగినప్పుడు వచ్చే హైడ్రోజన్ అంతరిక్షంలోకి పోతుంది కాబట్టి వెనక్కి తిరిగే దారి లేదు. 450 కోట్ల సంవత్సరాలూ ఇలాగే జరిగి ఉంటే ఈథేన్ సముద్రం నేలంతా కప్పేయాలి. వాయేజర్ తర్వాత అలాగే అనుకున్నారు. కసీని వెళ్ళి చూస్తే ద్రవం ఎక్కువగా ధ్రువాల దగ్గరే ఉంది, నడుమంతా ఇసుక దిబ్బలు. అంటే మీథేన్ ఎక్కడినుంచో వచ్చి కలుస్తోంది. 2005 జనవరి 14న హైగెన్స్ ప్రోబ్ దిగినప్పుడు గాలిలో ఆర్గాన్ 40 దొరికింది. రాతిలోని పొటాషియం క్షీణిస్తే పుట్టే వాయువు అది. లోపలి నుంచి వాయువులు పైకి వస్తున్నాయనడానికి గట్టి గుర్తు. మీథేన్ కూడా మంచు పంజరాల్లో ఇరుక్కుని ఉండి, కొద్దికొద్దిగా విడుదలవుతోందన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట.

ఆ పంజరాల మంచునే మీథేన్ హైడ్రేట్ అంటారు. మనకు కొత్తేమీ కాదు. మన కోస్తాకు ఎదురుగానే కృష్ణా గోదావరి బేసిన్ సముద్రం అడుగున 2006లో భారత పరిశోధన యాత్ర తవ్వి తీసింది అదే. పీడనం తగ్గగానే కరిగి మీథేన్ వదులుతుంది, అంటిస్తే మండుతుంది.

జీవం మాటకొస్తే, టైటాన్‌కు లేనిది ఆక్సిజన్. నేల మీది నీరంతా అక్కడ రాయిలా గట్టిపడి ఉంది. కర్బన పదార్థం కుప్పలుగా ఉన్నా, నీటితో కలిసే అవకాశం ఉల్క పడి మంచు కరిగినప్పుడో, లోపలి నీరు పైకి వచ్చినప్పుడో మాత్రమే.

కావలి చుక్కలు

సార్ చెప్పినదానికి ఒక చిన్న తోక. టైటాన్ గాలిలో కొద్దిగా కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయి. వాటిలోని ఆక్సిజన్ ఎన్సెలాడస్ చిమ్మిన నీటి నుంచి వచ్చిందని చాలామంది భావిస్తున్నారు. అయో గంధకం యూరోపాకు, ఎన్సెలాడస్ ఆక్సిజన్ టైటాన్‌కు. ఒక్కో ఉపగ్రహాన్ని విడిగా చదివితే ఈ రసాయనం సగమే అర్థమవుతుంది.

పినాకిని

కావలి గారూ, ఈ ముక్క రేపు మా తొమ్మిదో తరగతి పిల్లలకు చెబుతాను.

టంగుటూరు తమ్ముడు

నెప్ట్యూన్ దగ్గరి ట్రైటాన్ కూడా ఇలాంటిదేనా?

కావలి చుక్కలు

కాదు, తమ్ముడూ. గాలి నైట్రోజనే గానీ మరీ పలచన, మన పీడనంలో లక్షో వంతు స్థాయి. నేల మైనస్ 235, నైట్రోజనే మంచుగా పరుచుకుని ఉంటుంది. 1989 ఆగస్టులో వాయేజర్ 2 వెళ్ళినప్పుడు నల్లటి పొగలాంటి చిమ్ములు 8 కిలోమీటర్ల ఎత్తుకు లేచి గాలివాటున పక్కకు సాగడం ఫొటోల్లో దొరికింది. ఎండకు మంచు కింద నైట్రోజన్ ఆవిరై పగిలి వస్తుందన్నది ఒక వివరణ. ఆ తర్వాత అక్కడికి ఏ నౌకా పోలేదు.

అల్లూరు వనామి

మళ్ళీ యూరోపాకి వస్తా. ఇప్పుడు పోతున్న నౌక నా ప్రశ్నకు జవాబు చెబుతుందా?

పినాకిని

చాలావరకు చెప్పాలి. యూరోపా క్లిపర్ 2024 అక్టోబరు 14న బయల్దేరింది, 2030 ఏప్రిల్‌లో గురుడి దగ్గరికి చేరుతుంది. యూరోపా పక్కగా 49 సార్లు వెళ్తుంది. అందులో రీజన్ అనే రాడార్ మంచు లోపలికి చూస్తుంది. తక్కువ లోతులో ఉప్పునీటి చెరువులు ఉంటే వాటి పైభాగం నుంచి ప్రతిధ్వని గట్టిగా రావాలి. మీరు అడిగిన దారి కనబడాల్సింది అక్కడే. మాస్పెక్స్ అనే మాస్ స్పెక్ట్రోమీటరు పలచటి గాలిలో వాయువులను ఒక్కొక్కటిగా తూస్తుంది. సుడా అనే పరికరం ఉల్కల దెబ్బకు ఎగిరిన రేణువులను పట్టి, ఏ ప్రాంతం రేణువులో ఏ లవణం, ఏ కర్బనం ఉందో చెబుతుంది. ఐరోపా వాళ్ళ జూస్ నౌక 2031లో చేరుతుంది, అదీ యూరోపాను రెండుసార్లు దగ్గరగా చూస్తుంది. టైటాన్‌కు డ్రాగన్‌ఫ్లై 2028లో బయల్దేరి 2034లో దిగాలి.

కొత్తపట్నం

కేయాస్ నేల కింద రాడార్‌కు ద్రవం తగిలి, అదే చోట పైన పెరాక్సైడ్ కూడా ఎక్కువ ఉంటే నేను ఒప్పుకుంటాను. రెండూ ఒకేచోట ఉండాలి. ద్రవం ఒకచోట, పెరాక్సైడ్ ఇంకోచోట అయితే ఒప్పుకోను.

పినాకిని

పెరాక్సైడ్ సగం ఇప్పటికే మీ వైపు వస్తోంది. హవాయిలోని కెక్ టెలిస్కోపుతో తీసి 2019లో ప్రకటించిన లెక్కల్లో అది టారా, పోయిస్ అనే కేయాస్ నేలల్లోనే ఎక్కువగా కనబడింది. ధ్రువాల దగ్గర చల్లటి మంచులో ఎక్కువ ఉంటుందనుకున్నారు, అలా లేదు. కార్బన్ డయాక్సైడ్ కలిసిన మంచులో పెరాక్సైడ్ ఎక్కువ తయారవుతుందని ల్యాబు ప్రయోగాలు కూడా చెబుతున్నాయి. ఇక రాడారే మిగిలింది.

టంగుటూరు తమ్ముడు

సార్, ఈ మంచు ప్రయోగాలు మన దేశంలో ఎక్కడ చేస్తారు? నేను డిగ్రీ అయ్యాక ఇట్టాంటిది చదవాలనుకుంటున్నా. అమెరికానే పోవాలా?

ఒంగోలు రసాయనం

అక్కర్లేదు బాబూ. చెన్నై ఐఐటీలో పరిశోధకులు శూన్యంలో 30 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 243 డిగ్రీల్లో, మీథేన్ హైడ్రేట్ ఏర్పడగలదని 2019లో చూపించారు. హైడ్రేటుకు బాగా పీడనం కావాలని అంతకుముందు అందరం అనుకునేవాళ్ళం. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీలో కూడా చల్లటి మంచు పొరలు వేసి, రేడియేషన్ తగిలించి ఏం పుడుతుందో ఇన్‌ఫ్రారెడ్‌లో చూసే ప్రయోగాలు జరుగుతున్నాయి. ఐఐటీలో ఎమ్మెస్సీకి జామ్ పరీక్ష ఉంటుంది. మూడో సంవత్సరం మొదట్లోనే మొదలుపెట్టు. స్పెక్ట్రోస్కోపీ, థర్మోడైనమిక్స్ నోట్సు నా దగ్గర ఉన్నాయి, ఫొటోలు తీసి ఈ ఆదివారం నీ ఇన్‌బాక్సుకు పంపిస్తాను.